ఉపయోగం సంగతి తర్వాత, ముందు ఆ పొడి ఏంటో అడగండి

పోయిన నెల మా మేనకోడలి ఎమ్మెస్సీ వైవా అయింది. ఒడిశాలో, మా సరిహద్దు జిల్లాల్లోనే ఒక కాలేజీ, పేరు అనవసరం. దాని డిసర్టేషన్ పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్ మీద: తయారీ, స్ఫటిక నిర్మాణం, అయస్కాంత ధర్మాలు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు రెండు పేజీలు తిప్పి "దీని అప్లికేషన్ ఏంటమ్మా?" అన్నారట. పిల్ల జవాబు చెప్పడం మొదలుపెట్టేలోపే "ఇదంతా 1961లోనే అయిపోయిన పని కదా, మళ్ళీ ఎందుకు?" అన్నారట. అంతే, ఇంకో ప్రశ్న లేదు. మార్కులు బాగానే వేశారు, అది వేరే సంగతి. సాయంత్రం ఫోన్ చేసి "అత్తా, అంత కష్టపడి గ్రాఫులు గీశాను, ఒక్కదాని గురించీ అడగలేదు" అంది. నన్ను బాధపెట్టింది ఆ మాట.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఇటు గజపతి, గంజాం, రాయగడ పిల్లలు, అటు పాతపట్నం నుంచి వచ్చే పిల్లలు, ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. వీళ్ళలో చాలామందికి రీసెర్చ్ అంటే జీవితంలో ఆ ఒక్క ఆరు నెలల డిసర్టేషనే. తర్వాత బీఎడ్డో, మందుల కంపెనీ ఉద్యోగమో, పెళ్ళో. కాబట్టి ఆ ఆరు నెలల్లో వాళ్ళకు ఏం నేర్పుతున్నాం అన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు. ఎగ్జామినర్ గారు వేసిన రెండు ప్రశ్నలూ వేయకూడనివేం కాదు. కానీ వాటికన్నా ముందు వేయాల్సింది ఒకటుంది: నీ సీసాలో ఉన్న పొడి నిజంగా నువ్వు చెబుతున్న పదార్థమేనా, అవునని నీకెలా తెలుసు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్పడానికి ఫ్లోరైడ్ పెరోవ్‌స్కైట్ కన్నా మంచి పదార్థం మా లాంటి కాలేజీలకు దొరకదని నా నమ్మకం. పెరోవ్‌స్కైట్ అంటే ఒక రకం స్ఫటిక అమరిక: చిన్న లోహం చుట్టూ ఆరు ఫ్లోరిన్లు అష్టముఖిగా, ఆ అష్టముఖుల మధ్య ఖాళీలో పొటాషియం లాంటి పెద్ద అయాన్. మా మేనకోడలి పదార్థం ఆ కుటుంబంలోదే.

పెరోవ్‌స్కైట్ అనగానే సోలార్ అంటే ఎలా

2009లో మియాసాకా బృందం మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్‌తో 3.8 శాతం సామర్థ్యమున్న సౌర ఘటం చేసి చూపించినప్పటి నుంచి, పెరోవ్‌స్కైట్ అన్న మాట వినగానే అందరికీ సోలార్ ప్యానెల్ గుర్తొస్తోంది. దాంతో పిల్లలు ఏ పెరోవ్‌స్కైట్ చేసినా ముందుమాటలో సోలార్ గురించి ఒక పేరా పెట్టేస్తున్నారు. మా మేనకోడలి బ్యాచ్‌లోనే ఒక అబ్బాయి ఫ్లోరైడ్ మీద చేసి ఆ పేరా పెట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది, ఈ ఫ్లోరైడ్లు విద్యుత్ బంధకాలు, కంటికి కనిపించే కాంతిలో ఎక్కువ భాగం వీటిని దాటుకుని పోతుంది. సోలార్‌కు ఇవి పనికిరావు. ఆ పేరా తప్పు అని చెప్పేవాళ్ళు ఆ గదిలో ఒక్కరన్నా ఉండాల్సింది.

ఉపయోగాలు అసలు లేవని నేను అనడం లేదు. పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్‌లో కొద్దిగా ఇటర్బియం, ఎర్బియం కలిపితే పరారుణ కాంతిని మింగి ఎర్ర వెలుగు ఇస్తుంది, దాని మీద చాలా పని జరిగింది. సోడియం ఐరన్ ఫ్లోరైడ్‌ను బ్యాటరీ ఎలక్ట్రోడ్‌గా వాడి చూశారు. కానీ ఈ పిల్ల చేసిన పనికి వాటితో సంబంధం లేదు, లేని సంబంధం అంటగట్టుకుంటేనే వైవా గట్టెక్కుతుంది అన్నట్టు మనమే తయారుచేస్తున్నాం.

ఒక్క విషయం మాత్రం ఎగ్జామినర్ గారికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన అలన్ హీగర్, అదే, కరెంటు పారే ప్లాస్టిక్కుల హీగర్, బర్కిలీలో ఆయన పీహెచ్‌డీ పని ఈ పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్ మీదే. 1961లో బెక్‌మన్, పోర్టిస్‌లతో కలిసి దీని అయస్కాంత ధర్మాల మీద పేపర్ రాశారు. ఆయనకు నోబెల్ వచ్చింది కాబట్టి ఇది గొప్ప పదార్థం అని నా వాదన కాదు, ఆ తర్క ప్రకారం ఎవరి థీసిస్సైనా గొప్పదైపోతుంది. నేను చెప్పేదల్లా, ఒక శుభ్రమైన స్ఫటికం మీద శుభ్రంగా కొలవడం ఒక మనిషిని శాస్త్రజ్ఞుడిగా తయారుచేయడానికి అప్పుడు సరిపోయింది. మన పిల్లలకు ఎందుకు సరిపోదు?

నాలుగు అంకెల వరస

ఈ కుటుంబంలో నన్ను మొదటి నుంచీ ఆకట్టుకున్నది ఒక వరస. పొటాషియం అలాగే ఉంచి లోహాన్ని మాత్రం మారుస్తూ పోండి. మాంగనీస్, ఐరన్, కోబాల్ట్, నికెల్. గది ఉష్ణోగ్రత దగ్గర నాలుగూ ఘనాకార జాలకాలే. జాలకం అంటే స్ఫటికంలో పదే పదే వచ్చే చిన్న డబ్బా, దాని అంచు పొడవు వరసగా 4.19, 4.12, 4.07, 4.01 ఆంగ్‌స్ట్రామ్‌లు. లోహం చిన్నదయ్యే కొద్దీ డబ్బా చిన్నదవుతోంది, ఇందులో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు చల్లబరిస్తే యాంటీఫెర్రో అయస్కాంతంగా మారే, అంటే పక్కపక్క లోహ అయాన్ల అయస్కాంతాలు ఎదురెదురు దిక్కుల్లో క్రమంగా నిలబడే ఉష్ణోగ్రతలు చూడండి: 88, 113, 114, 246 కెల్విన్.

మాంగనీస్‌కు ఐదు ఒంటరి (జంట లేని) ఎలక్ట్రాన్లు, నికెల్‌కు రెండే. పిల్లలను అడిగితే ఐదున్నదే ముందు క్రమంలోకి రావాలి, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మారిపోవాలి అంటారు. నిజంగా జరిగేది పూర్తిగా రివర్స్. ఎందుకంటే ఈ అయాన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు, మధ్యలో ఉన్న ఫ్లోరైడ్ ద్వారా మాట్లాడుకుంటాయి. 1934లో క్రామర్స్ సూచించి, 1950లో ఆండర్సన్ సిద్ధాంతంగా నిలబెట్టిన సూపర్‌ఎక్స్ఛేంజ్ ఇదే. నికెల్‌లో ఆ రెండు ఎలక్ట్రాన్లూ ఫ్లోరిన్ వైపు సూటిగా చూసే ఆర్బిటాళ్ళలోనే ఉంటాయి. మాంగనీస్‌లో ఐదింటిలో మూడు పక్కచూపు ఆర్బిటాళ్ళలో ఉండి పెద్దగా సాయపడవు, పైగా దూరం కూడా ఎక్కువ. స్పిన్ విలువల (ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి వచ్చేవి) తేడాను తీసేసి, చుట్టూ ఉన్న అయాన్ల ప్రభావాన్ని ఒక సగటుగా తీసుకునే సగటు క్షేత్ర సిద్ధాంతం ప్రకారం లెక్క వేస్తే, పొటాషియం నికెల్ ఫ్లోరైడ్‌లో ఒక్కో లోహ అయాన్ల జంట మధ్య అయస్కాంత బంధం మాంగనీస్ దానికన్నా సుమారు 12 రెట్లు బలమైనదని తేలుతుంది. ఒక కాగితం, ఒక క్యాలిక్యులేటర్ చాలు ఈ లెక్కకి. ఆక్సైడ్లలో ఇంత తేటగా కనిపించదు, అక్కడ బంధాలు కలగాపులగం, ఆక్సిజన్ ఎక్కువో తక్కువో ఉంటుంది, లోహం వేలెన్సీ మారుతూ ఉంటుంది.

పొటాషియం తీసి సోడియం పెడితే ఇంకో పాఠం. సోడియం ఆ ఖాళీని నింపలేదు, దాంతో అష్టముఖులు పక్కకు ఒరిగిపోతాయి, జాలకం ఘనాకారం పోయి ఆర్థోరాంబిక్ (మూడు అంచులూ వేర్వేరు పొడవులు) అవుతుంది, లోహం, ఫ్లోరిన్, లోహం మధ్య 180 డిగ్రీల కోణం వంగిపోతుంది. అయాన్లు ఈ అమరికలో ఎంత బాగా ఇమిడాయో చెప్పే అంకె, గోల్డ్‌ష్మిట్ 1926లో ఇచ్చిన టాలరెన్స్ ఫ్యాక్టర్ (1 వస్తే సరిగ్గా సరిపోయినట్టు), పొటాషియం మాంగనీస్‌కు 0.97 వస్తే సోడియం మాంగనీస్‌కు 0.89 వస్తుంది. క్రమంలోకి వచ్చే ఉష్ణోగ్రత కూడా 88 నుంచి 66 కెల్విన్‌కు పడిపోతుంది. నిర్మాణం, అయస్కాంతత్వం ఇంత దగ్గరగా చేతులు పట్టుకుని నడిచే చోటు బీఎస్సీ, ఎమ్మెస్సీ సిలబస్ మొత్తంలో నాకు ఇంకోటి కనపడలేదు. కాపర్ పెడితే కథ పూర్తిగా మారిపోతుంది, ఎలక్ట్రాన్లు ఆర్బిటాళ్ళలో అసమానంగా నిండి అష్టముఖి సాగిపోయే జాన్-టెల్లర్ ప్రభావం వల్ల ఘనం చతుష్కోణీయం అవుతుంది, ఆర్బిటాళ్ళు వరసలు కట్టి మూడు దిక్కుల పదార్థం ఒక్క దిక్కు గొలుసుల్లా ప్రవర్తిస్తుంది. కుగెల్, ఖోమ్‌స్కీ 1970ల్లో దీని మీద కట్టిన సిద్ధాంతాన్ని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది వేరే రోజు రాస్తాను.

పొడి రంగు

ఇప్పుడు నా అసలు ప్రశ్నకు వస్తాను. మా మేనకోడలు వాడిన పద్ధతి నీళ్ళలో చేసేది. మాంగనీస్ క్లోరైడ్ ద్రావణాన్ని గాఢమైన పొటాషియం ఫ్లోరైడ్ ద్రావణంలో పోస్తే లేత గులాబీ అవక్షేపం దిగుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువగానే ఉండాలి, తగ్గితే మాంగనీస్ ఫ్లోరైడ్ కలిసిపోతుంది. 1960లోనే మిథనాల్‌లో కూడా ఇలా చేయొచ్చని క్రాకెట్, హేండ్లర్ చూపించారు. కొలిమి అక్కర్లేదు, ప్లాటినం మూస అక్కర్లేదు. మాంగనీస్ మనకు కొత్త వస్తువా, అటు గరివిడి, చీపురుపల్లి, ఇటు రాయగడ కొండల్లో నిషిఖల్, ఆ ఖనిజాన్ని లారీల్లో చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్ళు.

పొడికి ఎక్స్-రే వివర్తనం తీయిస్తే 30 డిగ్రీల కోణం దగ్గర, 43 డిగ్రీల దగ్గర గట్టి పీకులు వచ్చాయి, పుస్తకంలో ఉన్నట్టే. చాలా డిసర్టేషన్లు ఇక్కడ ఆగిపోతాయి. పీకులు కలిశాయి, పదార్థం వచ్చేసింది, తర్వాతి అధ్యాయం. కానీ ఆక్సైడ్ అయాన్‌కు పది ఎలక్ట్రాన్లు, ఫ్లోరైడ్ అయాన్‌కూ పదే. హైడ్రాక్సైడ్ కూడా అంతే. ఎక్స్-రే ఎలక్ట్రాన్లనే చూస్తుంది కాబట్టి ఫ్లోరిన్ ఉండాల్సిన చోట కొంచెం హైడ్రాక్సైడ్ వచ్చి కూర్చున్నా ఆ గ్రాఫులో దాదాపు ఏమీ తెలియదు. పోనీ న్యూట్రాన్లతో చూద్దామా అంటే, వాటికీ ఆక్సిజన్, ఫ్లోరిన్ దాదాపు ఒకటే: పరమాణువు న్యూట్రాన్లను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే పొడవు ఆక్సిజన్‌కు 5.80 ఫెమ్టోమీటర్లు, ఫ్లోరిన్‌కు 5.65. ఇంత ఖరీదైన యంత్రాలు కూడా తేలిగ్గా విడదీయలేని చోట రసాయనమే దిక్కు.

ఆ పిల్ల చేసిన పని చెబుతాను. మొదట వచ్చిన పొడి ఎండాక కొంచెం గోధుమ రంగు తిరిగింది. పీకులు మాత్రం బాగానే ఉన్నాయి. తోటివాళ్ళు "వదిలెయ్, ఎక్స్-రే బాగుంది కదా" అన్నారు. ఇది వదల్లేదు. పొటాషియం ఫ్లోరైడ్ ద్రావణం కొంచెం క్షార స్వభావం ఉన్నది, అందులో మాంగనీస్ హైడ్రాక్సైడ్ కాస్త పుడుతుంది, గాలి తగిలితే అది ఆక్సైడుగా మారి గోధుమ రంగు వస్తుంది. నీళ్ళను ముందే మరగబెట్టి గాలి పోగొట్టి, కడగడం మిథనాల్‌తో త్వరగా ముగించి, వేడి లేకుండా డెసికేటర్‌లో (తేమ పీల్చే మూత పాత్రలో) ఆరబెట్టింది. అప్పుడు గులాబీ రంగు నిలిచింది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫులో సెంటీమీటరుకు 3400 తరంగాల దగ్గర హైడ్రాక్సిల్ పట్టీ ఉందా లేదా చూసింది. ఆ తర్వాత ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరిన్ శాతం కొలిచింది. ఈ ఎలక్ట్రోడ్ గురించి తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, నల్గొండ బావుల నీళ్ళు పరీక్షించే ల్యాబుల్లో ఉండేది ఇదే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని చూసేది. శాంపిల్‌ను కరిగించి, బఫర్ కలిపి, జాగ్రత్తగా పలచన చేస్తే స్ఫటికంలోని ఫ్లోరిన్‌ను కూడా అదే చెబుతుంది.

ఆ గోధుమ రంగు ఎందుకంత ముఖ్యం అంటే, మాంగనీస్ ఆక్సైడ్లలో ఒకటి, ఒక అణువుకు మూడు మాంగనీస్‌లు నాలుగు ఆక్సిజన్లు ఉండేది, 43 కెల్విన్ దగ్గర ఫెర్రి అయస్కాంతం (ఎదురెదురు అయస్కాంతాలు పూర్తిగా రద్దవక కొంత మిగిలేది) అవుతుంది. అది ఎక్స్-రేకి అందనంత కొద్దిగా ఉన్నా చాలు, అయస్కాంతత్వం గ్రాఫులో 43 దగ్గర ఒక మెట్టు లేస్తుంది. చూసినవాళ్ళు "కొత్త మాగ్నెటిక్ ట్రాన్సిషన్ కనిపెట్టాం" అని రాసేస్తారు. మాంగనీస్ పదార్థాలు కొలిచేవాళ్ళందరికీ తెలిసిన ఉచ్చు ఇది. గోధుమ రంగును వదలని పిల్ల ఆ ఉచ్చులో పడదు. వైవాలో ఈ భాగం గురించి ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే తను పావుగంట మాట్లాడేది.

నాకే వచ్చే సందేహాలు

మొదటిది, ప్రమాదం. ఫ్లోరైడుతో ఆటలు కాదు. ఆ ద్రావణంలో ఆమ్లం పడితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది చర్మం మీద పడ్డప్పుడు నొప్పి వెంటనే తెలియకపోవచ్చు కూడా, లోపలికి దిగి కాల్షియాన్ని లాగేసుకుంటుంది. గాజు సామాను పనికిరాదు, అంతా ప్లాస్టిక్కే. దానికి విరుగుడుగా రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేకపోతే ఆ సీసా మూత తీయకూడదు. మా ఊళ్ళో మందుల షాపుల్లో అడిగితే ఇంజెక్షన్ ఉంది గానీ జెల్ లేదు, బయట నుంచి తెప్పించాల్సి వచ్చింది. చాలా కాలేజీ ల్యాబుల్లో ఆ జెల్ పేరు కూడా వినలేదు. అందుకే కొలిమిలో ఫ్లోరైడ్లను కాల్చే పద్ధతిని మా లాంటి చోట నేను ఒప్పుకోను, వానాకాలం తేమకు పొటాషియం ఫ్లోరైడ్ సీసాలోనే నీరుకారిపోయే ఊళ్ళు మనవి, ఆ తేమతో కలిపి వేడిచేస్తే వచ్చే పొగ ఏంటో తెలిసిందే. ఫ్లోరిన్‌ను విడదీయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, 1886లో మ్వాసాన్‌కు చిక్కేదాకా. ఈ అభ్యంతరం ఎవరైనా లేవనెత్తితే నేను వాళ్ళ పక్షమే, జెల్, ఫ్యూమ్ హుడ్ లేకపోతే వేరే టాపిక్ తీసుకోండి.

రెండోది, చల్లదనం. 88 కెల్విన్ అంటే మైనస్ 185 డిగ్రీలు, పల్లెటూరి కాలేజీలో ఎలా కొలుస్తారు అంటారు. ద్రవ నత్రజని 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది, అంటే 88 దాని అందుబాటులోనే ఉంది. ఈ పదార్థమే 186 కెల్విన్ దగ్గర ఘనాకారం నుంచి కొంచెం ఒరిగే నిర్మాణ మార్పు కూడా చూపిస్తుంది, అదీ అందుబాటులోనే. ద్రవ నత్రజని ఎక్కడిది అనకండి, ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే పశువైద్య కేంద్రాల్లో వీర్యాన్ని దాచేది అందులోనే, మన బ్లాకుల్లో ఆ డబ్బాలు తిరుగుతూనే ఉంటాయి. ఫిజిక్స్ వాళ్ళతో కలిసి అయస్కాంతత్వం మార్పును పట్టే రెండు తీగచుట్టలు చుట్టుకుంటే మొదటి అడుగు వేయొచ్చు. 43 కెల్విన్ మెట్టు ఉందో లేదో తేలాలంటే మాత్రం ఇంకా చల్లబరిచే ద్రవ హీలియం ఉన్న పెద్ద ల్యాబుకు పంపాల్సిందే. స్పిన్ల అమరిక కళ్ళారా చూడాలంటే న్యూట్రాన్లు కావాలి. ప్రతి మాంగనీస్ స్పిన్‌కూ చుట్టూ ఉన్న ఆరూ ఎదురు తిరిగి ఉంటాయని 1961లో స్కాటురిన్ బృందం చూపించింది న్యూట్రాన్లతోనే. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర విశ్వవిద్యాలయాల వాళ్ళు యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా అడిగే ఏర్పాటు ఉంది. అడిగే కాలేజీలు మా వైపు తక్కువ. అడగాలంటే శుభ్రమైన పొడి గ్రాముల్లో చేతిలో ఉండాలి, మళ్ళీ మొదటి ప్రశ్నకే వస్తాం.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. తెలిసిన జవాబును మళ్ళీ రాబట్టడం రీసెర్చా? పేపర్ రాదు, పేపర్ లేకపోతే పీహెచ్‌డీ సీటు కష్టం, ఊరి కాలేజీ పిల్లలకు మరీ కష్టం. పాత పదార్థం ఇచ్చి వాళ్ళ అవకాశాలను నేనే తగ్గిస్తున్నానా అని ఆలోచించాను. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం గమనించాను: కొత్త పదార్థం చేసిన పిల్లలకు తమ అంకె తప్పో ఒప్పో తెలుసుకునే దారి ఉండదు, ఏది వస్తే అదే ఫలితం. 88 రావాల్సిన చోట 80 వస్తే మాత్రం ఎక్కడో ఏదో జరిగిందని తెలుస్తుంది, అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. పైగా తెలిసినదానిలో కూడా చిక్కుముళ్ళు ఉన్నాయి, 88 కిందకు దిగాక 81 దగ్గర స్పిన్లు కొంచెం వంగి బలహీనమైన ఫెర్రో అయస్కాంతత్వం వస్తుంది, హీగర్ వాళ్ళు రాసింది దాని గురించే. నీళ్ళలో చేసిన సన్నటి పొడిలో, గింజ పరిమాణం మారితే అది ఎలా మారుతుందో చూడటం ఎమ్మెస్సీ పిల్లలకు మించిన పని కాదు. పేపర్ కావాలంటే అందులోంచి వస్తుంది, కానీ ముందు 88 సరిగ్గా రావాలి.

వచ్చే బ్యాచ్‌కు మాంగనీస్, కోబాల్ట్, నికెల్ ముగ్గురు పిల్లలకు తలొకటి ఇవ్వాలనుకుంటున్నాను. ముగ్గురి గ్రాఫులూ ఒకే కాగితం మీద గీయించాలి. గది ఉష్ణోగ్రత దగ్గర గూయ్ బ్యాలెన్స్‌తో (అయస్కాంతం దగ్గర శాంపిల్ బరువు ఎంత మారిందో చూసే తక్కెడతో) కొలిచిన మాంగనీస్ మాగ్నెటిక్ మూమెంట్, సూత్రం చెప్పే 5.92 బోర్ మాగ్నెటాన్ల కన్నా తక్కువ ఎందుకు వస్తుందో వాళ్ళే వివరించాలి, వివరించగలరు కూడా, ఎందుకంటే 300 కెల్విన్ దగ్గర కూడా పక్క అయాన్ల లాగుడు పూర్తిగా పోదు. శ్రీకాకుళం, విజయనగరం, బరంపురం, రాయగడ వైపు కాలేజీల్లో ఎవరి దగ్గరైనా గూయ్ బ్యాలెన్స్ పనిచేసే స్థితిలో ఉంటే, విలువ ముందే తెలిసిన మెర్క్యురీ కోబాల్ట్ థయోసయనేట్‌తో సరిచూసుకునే అలవాటు ఉంటే, కింద కామెంట్లో రాయండి. మా మేనకోడలి పొడి ఇంకా మిగిలి ఉంది, డెసికేటర్‌లోనే పెట్టాం. ఒక గ్రాము పంపిస్తాం, మీ అంకె మా అంకెతో కలుస్తుందో లేదో చూద్దాం.